కట్టె ఆవుకా, నేలకా? వర్షాల మధ్య ఎడం పెరిగిన కాలంలో మేత లెక్క

పోయిన వీడియోలో మా వామి పక్కన నిలబడి ఒక మాట అన్నాను: "ఈ కుప్పకు పోటీదారులు ఇద్దరు, కొట్టంలో ఆవు, చేలో నేల" అని. ఆ ఒక్క మాట పట్టుకుని చాలామంది ఫోన్ చేశారు. అందరి ప్రశ్నా ఒకటే. ఆచ్ఛాదన చెయ్యమంటారు, ఉన్న కట్టె అంతా నేల మీద పరిస్తే ఆవుకు ఏం పెట్టాలి? ఆవు లేకపోతే జీవామృతం ఎక్కడిది?

న్యాయమైన ప్రశ్న. శిక్షణ తరగతుల్లో దీన్ని పక్కన పెట్టేస్తారు. ఒక దేశీ ఆవుతో ముప్పై ఎకరాలు అని బోర్డు మీద రాస్తారు గానీ, ఆ ఆవు ఏడాదికి ఎంత తింటుందో రాయరు. ఆ లెక్కతోనే మొదలుపెడదాం.

మాది అనంతపురం వైపు ఎర్రనేల, ఐదెకరాలు వర్షాధారం. 300 కిలోల ఆవు రోజుకు తన బరువులో రెండు నుంచి రెండున్నర శాతం ఎండుమేత లెక్కన తింటుంది. అంటే ఆరు నుంచి ఏడున్నర కిలోలు. ఏడాదికి రెండున్నర టన్నుల దగ్గర. రెండు ఆవులుంటే ఐదు టన్నులు. మంచి ఏడాదిలో వేరుశనగ కట్టె ఎకరాకు టన్ను అటూ ఇటూ వస్తుంది. ఐదెకరాలకు ఐదు టన్నులు. అయిపోయింది! నేలకు ఒక్క పరక మిగల్లేదు. ఇది మంచి ఏడాది లెక్క. నేలను నిజంగా కప్పాలంటే ఎకరాకు రెండు మూడు టన్నులు కావాలి.

పైగా వేరుశనగను మనం కోయం, పీకుతాం. కాయ, కట్టె, వేరు అన్నీ ఇంటికొస్తాయి. జొన్నకైతే కనీసం మొదళ్లు మిగులుతాయి. వేరుశనగ పీకిన చేను నవంబరు నుంచి మళ్లీ విత్తేదాకా బోడిగా ఎండలో ఉంటుంది. ఏడెనిమిది నెలలు. ఇది మా తాతల కాలంలోనూ ఉంది కదా, ఇప్పుడు కొత్తగా ఏమైంది అంటారా? చెప్తాను.

మా జిల్లా సగటు వర్షం 550 మిల్లీమీటర్ల దగ్గర. ఏడాది చివర మొత్తం చూస్తే చాలాసార్లు "ఫర్వాలేదు, పడింది" అనిపిస్తుంది. రైతుకు మొత్తంతో పని లేదండీ, వానకూ వానకూ మధ్య ఎన్ని రోజులు అన్నదే పని. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టి ఉంచుకోగలదు. అందుకని నేల నుంచి ఎక్కువ పీల్చుకుంటుంది, వదిలినప్పుడు ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. పూణేలోని వాతావరణ పరిశోధనా సంస్థ ఐఐటీఎంలో రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో చూపించింది ఇదే. 1950 నుంచి 2015 మధ్య మధ్య భారతంలో విస్తారంగా పడే అతి భారీ వర్షాలు మూడింతలయ్యాయి, కానీ మొత్తం వర్షం మాత్రం పెరగలేదు. వాన రోజులు తగ్గి, వాన బరువు పెరిగింది అన్నమాట.

2023 గుర్తుందా? ఆ ఏడాది ఆగస్టు, 1901 నుంచి లెక్కలున్నంతలో దేశంలో అతి పొడి ఆగస్టు. మామూలు కంటే 36 శాతం తక్కువ. ఆశ్లేష, మఖ రెండు కార్తెలూ ఉత్తవే. జులై మొదట్లో విత్తిన వేరుశనగకు అది సరిగ్గా ఊడలు దిగే సమయం. ఊడ గాలిలో పుట్టి నేలలోకి గుచ్చుకోవాలి. పైన అంగుళం మట్టి ఎండి గట్టిపడిందంటే ఊడ మొన మాడి అక్కడే నిలిచిపోతుంది. తర్వాత ఎంత వానొచ్చినా ఆ ఊడకు కాయ రాదు. ఆ ఒక్క అంగుళం తడిగా ఉండాలంటే ఏం కావాలి? నేల మీద కప్పు. ఆ కప్పు ఎక్కడుంది? ముందటి వేసవిలో ఆవు కడుపులోకి పోయింది.

ఇటు చూస్తే అదే బెట్టలో కట్టె కూడా సగమే వస్తుంది. ఆవుకే చాలదు. అందుకని బెట్ట పెరిగేకొద్దీ నేలకు కప్పు అవసరం ఎక్కువవుతుంది, ఆవుకు మేత తక్కువవుతుంది, రెండూ ఒకే కుప్ప మీదికి వస్తాయి. వాతావరణ మార్పు అంటే నాకు కనిపించేది ఈ కుప్పే.

ఇక వాన ఎక్కువైనా కష్టమే. 2021 నవంబరు మీకు చెప్పనక్కర్లేదు. చిత్రావతి పొంగింది, 19వ తేదీన చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, ఊళ్లకు ఊళ్లు, పశువులకు పశువులు కొట్టుకుపోయాయి. ఆ వార్తల్లో రానిదొకటుంది. అప్పటికే పీకి చేలో ఓదెలు వేసిన కట్టె, ఇంటి దగ్గర వాములు, అన్నీ తడిసి నల్లబడి బూజు పట్టాయి. మా వామిలో పైది తీస్తే లోపల ఆవిరి, బూజు వాసన. పశువు మూతి పెట్టి తల తిప్పేసుకుంది. ఆ కట్టె అప్పుడు నేలకు వెళ్లిందనుకోండి, ఇష్టపడి కాదు.

ఇప్పుడు ఎండ సంగతి. ఎండను మనం ఒక్క అంకెతో చూస్తాం: "ఈ రోజు నలభై." పశువుకు రెండు అంకెలు కావాలి, వేడి, తేమ. పశువైద్యులు వాడే టీహెచ్ఐ అనే లెక్క ఉంది. ఇంట్లో చేసుకోవచ్చు. రెండు మామూలు థర్మామీటర్లు కొట్టంలో కట్టండి, ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టండి. రెండూ చూపే అంకెలు కూడి 0.72తో గుణించి, దానికి 40.6 కలపండి. హెచ్ఎఫ్ లాంటి పాడి ఆవులకు 72 దాటితే ఒత్తిడి మొదలు. మా దగ్గర ఏప్రిల్‌లో పొడిది 40, తడిది 23 అనుకోండి. కూడితే 63, లెక్క 86 దగ్గర తేలుతుంది. కృష్ణా జిల్లాలో పొడిది 35, తడిది 28 అనుకోండి. కూడితే అదే 63, అదే 86! "మీ దగ్గర నలభై, మా దగ్గర ముప్పై ఐదే కదా" అనుకునే కోస్తా మిత్రులు ఈ లెక్క ఒకసారి వేసి చూసుకోండి.

పశువు పొట్టే ఒక పొయ్యి. మేత అరిగేటప్పుడు లోపల వేడి పుడుతుంది. బయట వేడి పోవడానికి దారి లేకపోతే అది చేసే మొదటి పని మేత తగ్గించడం. తర్వాత రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, పాలు తగ్గుతాయి, ఎద కనబడకుండా పోతుంది. గేదెకు ఇంకా కష్టం. నల్ల తోలు, చెమట గ్రంథులు ఆవుకంటే బాగా తక్కువ. అందుకే దానికి మడుగు కావాలి. మడుగులెక్కడున్నాయి ఇప్పుడు? వేసవిలో గేదెల మూగ ఎదను కనిపెట్టలేక ఏడాది ఈత పోగొట్టుకున్న ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి. రాత్రి చల్లబడితే పశువు కొంత తేరుకుంటుంది. రాత్రులూ వేడిగా ఉండిపోతుంటే ఆ విరామం కూడా లేదు.

మన దేశీ ఆవు వేలాడే తోలుతో, మంచి చెమటతో ఎండను బాగా తట్టుకుంటుంది, నిజమే. ఒంగోలు గానీ, మా వైపు హళ్లికార్ గానీ. కానీ ఎండకు తట్టుకునే ఆవు ఆకలికి తట్టుకోదు కదా. 2023లో మా చిన్నాన్న చేసింది చెప్తాను. మేత లేదని జనవరిలో ఒక ఆవును అమ్ముదామనుకున్నాడు, మనసొప్పక ఆగాడు. మార్చిదాకా కట్టె కొని పెట్టాడు. ఏప్రిల్‌లో ఇక వల్లకాక సంతకు తోలితే అక్కడ ఊరంతా తోలుకొచ్చింది. డొక్కలు కనిపించే ఆవుకు వచ్చిన ధర, ఆయన మేతకు పెట్టిన డబ్బుకు కూడా సరిపోలేదు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. తర్వాత మూడెకరాలకు జీవామృతం ఎవరి దగ్గరా అడగలేక, ఆ ఖరీఫ్‌లో మళ్లీ డీఏపీ బస్తా తెచ్చాడు. నేనేమీ అనలేదు. ఏమని అంటాం?

ఈ తగాదా మనదొక్కరిదే కాదు. మనకు పటాన్‌చెరు ఇక్రిశాట్ తెలుసు. దాని ఇంకో కేంద్రం పశ్చిమ ఆఫ్రికాలో నైజర్ దేశంలో, నియామే దగ్గర సడోరేలో ఉంది. అక్కడ కూడా ఇసుక ఎర్రనేల, మూడు నాలుగు నెలల వాన, సజ్జ, అలసంద, వేరుశనగ. అక్కడి రైతు కూడా అలసంద కట్టె, వేరుశనగ కట్టె మోపులు కట్టి ఇంటి కప్పు మీద దాచి, ఎండాకాలంలో సంతలో అమ్ముతాడు. సజ్జ చొప్ప పశువుకూ కావాలి, కంచెకూ కావాలి, పొయ్యికీ కావాలి. నేలకు మిగిలేది అంతంతమాత్రం. ఇంకాస్త తూర్పున సోమాలియా, ఇథియోపియా, కెన్యాలలో 2020 చివరి నుంచి వరసగా ఐదు వానకాలాలు తప్పాయి, లక్షల్లో పశువులు చచ్చిపోయాయి. వాతావరణ మార్పు లేకపోతే ఆ కరవు వచ్చే అవకాశం వంద రెట్లు తక్కువ ఉండేదని శాస్త్రవేత్తల బృందం 2023లో తేల్చింది. ఆ పశుకాపరులు వాతావరణంలోకి వదిలిన పొగ ఎంత చెప్పండి. బిల్లు మాత్రం వాళ్లకొచ్చింది.

నైజర్ నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడ మరాది, జిందర్ ప్రాంతాల్లో రైతులు చేలో పాత చెట్ల మొదళ్ల నుంచి వచ్చే చిగుళ్లను నరకడం మానేసి, రెండు మూడు కొమ్మలు ఉంచి పెంచారు. టోనీ రినాడో అనే ఆస్ట్రేలియా ఆయన 1980లలో దీన్ని మొదలుపెట్టించారు. ఇప్పుడది దాదాపు 50 లక్షల హెక్టార్లు. మొక్క కొన్నది లేదు, గుంత తవ్వింది లేదు. అందులో గావో అనే తుమ్మ జాతి చెట్టు ఒకటి ఉంది. అది వానకాలంలో ఆకు రాల్చి పైరుకు వెలుగు వదులుతుంది, ఎండాకాలంలో పచ్చగా ఉండి నీడనిస్తుంది, దాని కాయలు పశువు తింటుంది. ఒకే చెట్టు ఆవుకూ నేలకూ పంచి పెడుతోంది. మన గట్ల మీద కూడా తుమ్మ, వేప, కానుగ మొదళ్లు ఉన్నాయి. ప్రతి ఏడాదీ గొడ్డలి పెట్టి "శుభ్రం" చేస్తున్నాం.

సరే, మేం ఏం చేస్తున్నామో చెప్తాను. ముందు మా తప్పు. మొదటి ఏడాది ఉత్సాహం కొద్దీ ఒక ఎకరానికి కట్టె మొత్తం పరిచాను. పది రోజుల్లో గొర్రెల మంద వచ్చి సగం తినేసింది (పంట తీసిన చేను మా దగ్గర అందరిదీ, ఎవరినీ తప్పు పట్టలేం), మిగతా సగం వేసవిలో చెదలు తినేశాయి. జూన్‌కు మళ్లీ బోడి నేల. అంటే పశువు తినే మేతను నేల మీద పరచడమే తెలివితక్కువ. అప్పటి నుంచి మా నియమం, పశువు తినేది పశువుకే, అది ముట్టనిది నేలకు.

పశువు ముట్టనివి చూస్తే చాలా ఉన్నాయి. వేరుశనగ పొట్టు, ఆముదం కట్టె, కానుగ ఆకు, జిల్లేడు, వేప రాలిన ఆకు, గాడిలో మిగిలే కాడలు. కంది సాళ్లు వేస్తే అది రాల్చే ఆకు ఒక్కటే చాలా ఉంటుంది, పైగా దాని వేరు నేలలోనే మిగులుతుంది. మేం ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేస్తున్నాం. గట్టు పొడవునా గిరిపుష్పం కొమ్మలు నాటాం, ఏడాదికి రెండు మూడు కోతలు వస్తాయి. దాని వాసనకు మా ఆవులు దగ్గరికి రావు, నాకు అదే కావాలి. అవిశ, సుబాబుల్ మాత్రం కొట్టం వైపు పెట్టాం, అవి ఆవులకు. సుబాబుల్ ఒక్కటే కడుపునిండా పెట్టకండి, మేతలో మూడోవంతు దాటితే మంచిది కాదు.

తర్వాత నవధాన్య. ఏప్రిల్, మేలో పొడి దుక్కిలో గింజలకు బీజామృతం, బంకమట్టి, బూడిద పట్టించి ఎకరాకు పది పన్నెండు కిలోలు చల్లుతాం. ఘనజీవామృతం 400 కిలోలు. పదును కోసం ఎదురుచూడం. ఏ చిన్న జల్లు పడినా మొలుస్తాయి. వేరుశనగ విత్తే జులైకి రెండు నెలల పచ్చదనం చేతికొస్తుంది. రైతు సాధికార సంస్థ వాళ్లు దీన్ని మన జిల్లాలో చాలా ఊళ్లలో చేయించారు, చూసే ఉంటారు. ఒక్క మార్పు చేసుకోండి. ఇరవై రకాలూ కలిపేసి ఒకే మిశ్రమంగా చల్లకండి. నేల కోసం చల్లే చోట ఆముదం, జనుము, గోగు, బంతి ఏవైనా వేసుకోండి. ఆవు కోసం చల్లే చోట అలసంద, పెసర, ఉలవ, సజ్జ, కొర్ర, కొద్దిగా జొన్న. ఆముదం అసలు వద్దు, దాని ఆకు, గింజ పశువుకు విషం.

జొన్న గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల ఒక పెయ్య మా చేతుల్లోంచి పోబోయింది. లేత జొన్నలో, కోసిన మొదళ్ల నుంచి వచ్చే పిలకల్లో, ముఖ్యంగా బెట్టకు వాడిన జొన్నలో సైనైడ్ ఉంటుంది. మన పెద్దవాళ్లు నాము అంటారు. ఆ 2023 ఆగస్టులోనే, తాడు తెంపుకున్న పెయ్య మోకాలెత్తు కూడా లేని వాడిన జొన్నను పావుగంట మేసింది. ఇంటికి తెచ్చేలోపే వణుకు, పొట్ట ఉబ్బు, ఊపిరి అందకపోవడం. కంటి పొర ఎర్రగా అయిపోయింది. పక్క ఊళ్లో పశువుల డాక్టరు అప్పుడే ఇంకో ఇంట్లో ఉండబట్టి వెంటనే వచ్చి రక్తనాళంలోకి సోడియం థయోసల్ఫేట్ ఎక్కించాడు. బతికింది. అరగంట ఆలస్యమైతే లేదు. వానల మధ్య ఎడం పెరిగేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. పూత రాకముందు జొన్నలోకి పశువును వదలకండి. బెట్ట తర్వాత వాన పడి కొత్త చిగురు వేసినప్పుడు ఇంకా జాగ్రత్త. కోసి బాగా ఎండబెడితే నాము చాలావరకు పోతుంది. ఎప్పుడైనా పచ్చిమేతలోకి తోలేముందు కొంత ఎండుమేత పెట్టి తోలండి, ఆకలి కడుపుతో వద్దు.

వామి విషయంలో చేసిన మార్పు చిన్నదే. నేల మీద కాకుండా బండల మీద కర్రలు పరిచి వేస్తున్నాం, కింద గాలి ఆడుతుంది. పైన టార్పాలిన్ వాన వచ్చే రోజే కప్పుతాం, మామూలు రోజుల్లో తీసేస్తాం, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. కట్టెను ముక్కలు కొట్టి ఉప్పునీళ్లు, కాస్త బెల్లం నీళ్లు చిలకరిస్తే గాడిలో మిగలడం బాగా తగ్గింది. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతమే, వేరుశనగ కట్టెలో దానికి రెండింతల పైనే ఉంటాయి. అందుకని కొన్న వరిగడ్డితో కలిపి పెడితే మన కట్టె ఎక్కువ రోజులు వస్తుంది. విత్తనం ఎంచుకునేటప్పుడు కట్టెను కూడా చూడండి. ఇక్రిశాట్ వాళ్ల ఐసీజీవీ 91114 రకాన్ని మన జిల్లాలో రైతులతో కలిసే పరీక్షించారు, కాయతో పాటు కట్టెను కూడా చూసి ఎంచిన రకం అది.

గానుగ ఉన్నవాళ్లకు ఒక మాట. పంట చివర్లో బెట్ట పడితే కాయలోకి బూజు దూరి అఫ్లాటాక్సిన్ తయారవుతుంది. ముడుచుకున్న, రంగు మారిన గింజలు నూనెకు ఎలాగూ వద్దు. "చెక్కకు పనికొస్తాయిలే" అని ఆవుకూ వద్దు. అది పాలలోకి వస్తుంది, ఆ పాలు మన పిల్లలే తాగుతారు. మేం అలాంటి గింజను పొట్టుతో పాటు కంపోస్టు గుంతలో వేస్తున్నాం. నష్టమే.

ఎండ పొద్దుల్లో మేత వేళలు మార్చాం. తెల్లవారి ఐదింటికి, మళ్లీ రాత్రి ఎనిమిదికి. మధ్యాహ్నం నీడ, నీళ్లు అంతే. తొట్టి నీడలో ఉండాలి, ఎండకు కాగిన నీళ్లు ఆవు తాగదు. రేకుల కొట్టం మీద కొబ్బరి మట్టలు పరిస్తే తేడా చెయ్యి పెట్టి చూడొచ్చు.

ఇక చిన్నాన్న విషయంలో జరిగింది చూశాక, ప్రతి డిసెంబరులో వామి కొలుస్తున్నాం. పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి, ఒక మోపు తూచి అంచనా కడతాం. జులైదాకా ఎన్ని నోళ్లకు సరిపోతుందో అప్పుడే తేల్చుకుంటాం. ఎక్కువ ఉంటే, ఒట్టిపోయిన దాన్ని సంక్రాంతి లోపలే, ఒంటి మీద కండ ఉన్నప్పుడే ఇచ్చేస్తాం, వీలైతే జీవామృతం కోసం చూస్తున్న పక్క ఊరి ప్రకృతి రైతుకే. మనసుకు కష్టమే. చిన్నాన్న కూడా ఈసారి టేపు పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు ఆయనకొక ఆవు ఉంది, మా పెయ్యే, నాము తిని బతికినది.

ఈ రోజు కొలిస్తే మా వామిలో టన్నున్నరకు కాస్త తక్కువ ఉంది. రెండు ఆవులకు జులై చివరిదాకా లాగొచ్చు, నవధాన్య మొలిస్తే ఇంకొంత మిగులుతుంది. నేలకు నాలుగు బండ్ల కానుగ ఆకు, పొట్టు సిద్ధంగా ఉన్నాయి, అవి ఎకరం పావుకే సరిపోతాయి. మిగతా చేను ఈ ఏడాదికి నవధాన్య మీదే ఆధారం. గింజలు కలిపే రోజు వీడియో పెడతాను, ఆవు మిశ్రమం, నేల మిశ్రమం వేరువేరుగా చూపిస్తాను. మీ వైపు పశువు ముట్టని ఆకు ఏదైనా విరివిగా దొరికేది ఉంటే పేరు రాయండి, మీ ఊరి పేరుతోనే రాయండి, ఇక్కడ అందరికీ పనికొస్తుంది.